పయిల్వాన్ పిక్కలు

ఆరేళ్ళ పిల్లవాడి పిక్కల గురించి వాడకట్టంతా మాట్లాడుకోవడం ఎక్కడైనా ఉంటుందా? నస్పూర్‌లో ఉంది. మన్విత్ లాగు వేసుకుని వీధిలోకి వచ్చాడంటే కిరాణా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు పిలిచి మరీ వాడి కాళ్ళు తడిమి చూసేవాళ్ళు. గట్టిగా, గుండ్రంగా, వయసుకు మించి ఉండేవి. చెయ్యి చూస్తే సన్నం, మెడ చూస్తే సన్నం, పిక్కలు మాత్రం ఎవరివో తెచ్చి అతికించినట్టుండేవి. "తాత పోలిక" అనేవాళ్ళు అందరూ. ఆ మాట చెవిన పడటానికే ముత్యం రోజూ సాయంత్రం మనవడి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. మనిషన్నాక ఆ మాత్రం మురిపెం ఉండదా ఏం.

నిజానికి ముత్యం మురవడానికి హక్కున్న మనిషే. వయసులో ఉండగా బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా చేరి, పారతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపినవాడు. డ్యూటీ దిగి పైకి వస్తే తోటివాళ్ళు కల్లు దుకాణం వైపు నడిచేవాళ్ళు, తను తాలీంకు నడిచేవాడు. అక్కడ గులాం నబీ ఉస్తాద్ దగ్గర కుస్తీ నేర్చుకున్నాడు. ఆదిలాబాద్ వైపు జాతరల్లో, మరాఠీ పయిల్వాన్లు దిగే గోదాల్లో, వెండి కడెం గెలుచుకుని వచ్చినవాడు. ఇప్పుడు రిటైరైపోయి, ఆ తాలీంలోనే వాడకట్టు పిల్లలకు ఉస్తాద్‌తో కలిసి కుస్తీ నేర్పుతున్నాడు. గులాం నబీకి మోకాళ్ళు పోయాయి కాబట్టి ఆయన కుర్చీలో కూర్చుని అరుస్తాడు, ముత్యం గోదాలో దిగి చూపిస్తాడు.

అల్లుడు రాంచందర్ దుబాయ్‌లో ఉంటాడు. అందుకని కూతురు సృజన, మనవడు మన్విత్ ఇద్దరూ ముత్యం ఇంట్లోనే ఉంటున్నారు. ముత్యానికి మగపిల్లలు లేరు. మన్విత్ నడక నేర్చిన రోజునే ముత్యం వాడిని పయిల్వాన్ అని పిలవడం మొదలుపెట్టాడు.

పిలుపుకు తగ్గట్టే ఉండేవి వాడి చేష్టలు. కడుపు ముందుకు పెట్టి, భుజాలు వెనక్కి విరిచి, మునివేళ్ళ మీద అటూ ఇటూ ఊగుతూ నడిచేవాడు. గోదాలోకి దిగే పయిల్వాన్ అచ్చం అలాగే నడుస్తాడని గులాం నబీ మురిసిపోయేవాడు. ఇక వాడు కింద కూర్చుని లేవడం ఒక వేడుక. మొదట బోర్లా తిరిగి రెండు చేతులూ నేలకు ఆనించేవాడు. తర్వాత చేతులు మోకాళ్ళ మీదికి వచ్చేవి, అక్కణ్ణుంచి తొడల మీదికి వచ్చేవి, అలా తోసుకుంటూ నిటారుగా నిలబడేవాడు.

"చూసినవా ముత్యం, పోరడు లేస్తనే తొడ మీద చెయ్యేస్తుండు. వీనికి నేర్పే పనే లేదు" అన్నాడు గులాం నబీ మొదటిసారి చూసినప్పుడు.

ముత్యం ఊరుకుంటాడా? నిలబడ్డాక ఆ చేతితో తొడ మీద ఫట్‌మని చరచడం కూడా నేర్పాడు. పెళ్ళిళ్ళకు, బారసాలలకు పోతే చుట్టాలు వాడిని పని కట్టుకుని కింద కూర్చోబెట్టి లేపేవాళ్ళు, నవ్వేవాళ్ళు. ముత్యం భార్య కొమురవ్వ ఒక్కతే నవ్వేది కాదు. వాడికి ఎప్పుడూ పొడుగు ప్యాంటు తొడగాలని చూసేది. దిష్టికి భయపడుతోందని ముత్యం అనుకున్నాడు, మళ్ళీ లాగు తొడిగి బయటికి తీసుకుపోయేవాడు.

ఒక్కటే ఇబ్బంది. పిల్లవాడు పడిపోతుండేవాడు. నడుస్తూ నడుస్తూ కాళ్ళకు ఏదీ తగలకుండానే పడేవాడు. బడిలో పరుగు పెడితే అందరికంటే వెనక ఉండేవాడు. దీనికి ముత్యం దగ్గర మందు ఉంది, బస్కీలు. పొద్దున గోదాలో, సాయంత్రం ఇంటి ముందు, గుంజీళ్ళు తీసినట్టు కూర్చుని లేవడం. పడ్డ రోజున మరికొన్ని ఎక్కువ. వచ్చే జాతరలో మొదటి కుస్తీ చిన్నపిల్లలది, గెలిస్తే కొబ్బరికాయ ఇస్తారు. దానికి మన్విత్ పేరు అప్పుడే చెప్పి వచ్చాడు కూడా. పిల్లవాడు రాత్రి పడుకునే ముందు కూడా కొబ్బరికాయ గురించే మాట్లాడేవాడు.

పేరు ఇచ్చి వచ్చిన వారంలోనే వాడు బడి మెట్ల మీద పడి పెదవి పగలగొట్టుకుని వచ్చాడు. సృజన ఇక ఆగలేదు.

"బాపూ, వీనికి ఏదో ఉన్నది. తోటి పిల్లలు మెట్లు దుంకుతుండ్రు. వీడు ఒక్కొక్క మెట్టు కాడ ఆగి పైకి చూస్తుండు. కరీంనగర్ల పిల్లల నరాల డాక్టరమ్మ ఉన్నదట, చూపిద్దాం."

"కాళ్ళల్ల దమ్ము తక్కువైంది, గంతే. రేపటిసంది ఇంకొన్ని బస్కీలు పెంచుత."

"పెంచినకొద్ది ఎక్కువ పడుతుండు బాపూ. నీకు కనవడ్తలేదా?"

కనపడకేం, కనపడుతూనే ఉంది. కానీ తన కళ్ళముందు తన ఒళ్ళు పెరిగిన పద్ధతిని కాదనడం ఆయన వల్ల కాదు. "సరే, నేను గూడ వస్త" అన్నాడు చివరికి. "ఆ డాక్టరమ్మ ముందటనే వీడు బస్కీలు తీసి చూపెడ్తడు. అప్పుడన్న నీ ఫికర్ పోతది."

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టర్ మమతారాణి చిన్నపాటి మనిషి, మెత్తగా మాట్లాడింది. ముందు పిల్లవాడిని వరండాలో పరుగెత్తించింది. తర్వాత నేల మీద కూర్చోమని, లేవమని చెప్పింది.

"ఇగ చూడుండ్రి మేడం, మా పయిల్వాన్ ఎట్ల లేస్తడో" అన్నాడు ముత్యం.

మన్విత్ బోర్లా తిరిగాడు. చేతులు నేలకు, మోకాళ్ళకు, తొడలకు. నిలబడ్డాక తాత వైపు చూసి ఫట్‌మని తొడ చరిచాడు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. డాక్టర్ నవ్వలేదు. "మల్లొక్కసారి కూసొని లే కన్నా" అంది. వాడు మళ్ళీ లేచాడు, మళ్ళీ చరిచాడు. ఆమె బయటికి వెళ్ళి ఇద్దరు చిన్న డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళూ చూశారు. ఒకమ్మాయి వంగి వాడి పిక్కను బొటనవేలితో నొక్కి చూసింది, రెండో కుర్రవాడికి కూడా చూపించింది.

ముత్యం గుండె ఉప్పొంగింది. ఇంత పెద్ద ఆసుపత్రిలో డాక్టర్లు పనులు మానుకుని వచ్చి తన మనవడి పిక్కలు చూస్తున్నారు మరి. ధోవతి మోకాలి దాకా ఎత్తి తన కాలు చూపించాడు. "నా పోలికనే. బొగ్గెత్తిన కాళ్ళు ఇవి" అన్నాడు. ఆ చిన్న డాక్టర్లిద్దరూ తల దించుకున్నారు. గౌరవం కొద్దీ అనుకున్నాడు.

రక్తం తీసుకున్నారు. మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చున్నారు. మన్విత్ బిస్కెట్లు తిని తల్లి ఒడిలో నిద్రపోయాడు. మళ్ళీ పిలిచినప్పుడు ఇందాకటి చిన్న డాక్టరమ్మ వచ్చి, చేపల తొట్టి చూపిస్తానని పిల్లవాడిని పక్క గదిలోకి తీసుకుపోయింది. లోపలికి సృజన, ముత్యం మాత్రమే వెళ్ళారు.

"కూసోండ్రి పెద్దాయనా" అంది మమతారాణి.

"నిలవడ్తనే మేడం. పొద్దటిసంది కూసొనే ఉన్న."

"కూసోండ్రి" అని మళ్ళీ అంది. ఆయన కూర్చున్నాక సృజన వైపు తిరిగింది. "బాబుకు ఉన్నది కండరాల జబ్బు. పుట్టుకతోనే వస్తది. డుషేన్ అంటరు. కండ చిట్లితే రక్తంల కలిసే పదార్థం ఒకటి ఉంటది, బాబు రక్తంల అది ఉండాల్సిన దానికంటె ఎన్నో రెట్లు ఉన్నది. ఇంకో పరీక్షకు గూడ రక్తం పంపుతున్న, అది వచ్చినంక పక్కా అయితది. గని నాకైతే అనుమానం లేదు."

ముత్యానికి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాడు. "కండల జబ్బా? మేడం, మీరు వాని పిక్కలు చూసినంక గూడ గీ మాట అంటుండ్రా?"

"ఆ పిక్కలే జబ్బు పెద్దాయనా."

ఆయనకు మాట అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది. "అది కండ గాదు. కండ పోయిన జాగల కొవ్వు, గట్టి నార నిండింది. పైనుంచి చూస్తే బలంగ కనవడ్తది, లోపల బలం లేదు."

"మరి తొడ చరుస్తడు గద..."

"చరిచేది మీరు నేర్పి ఉంటరు. అంతకు ముందు చేతులు పెట్టేది మాత్రం ఎవరూ నేర్పలే. లేవనీకి నడుములో, తొడలో బలం చాలక చేతులతోని తన ఒంటిని తనే ఎక్కుతుండు. ఈ జబ్బున్న పిల్లలు గట్లనే లేస్తరు. మాకు చూస్తేనే తెలుస్తది. అందుకే పొద్దున వాళ్ళిద్దర్ని పిలిచి చూపించిన."

ముత్యం చెవులు గుయ్యిమన్నాయి. బాయిలో దగ్గరగా మందుగుండు పేలినప్పుడు ఇలాగే అయ్యేది, ఎదుటివాడి పెదవులు కదలడం కనిపించేది కానీ మాట వినిపించేది కాదు. పెళ్ళిళ్ళలో నవ్విన చుట్టాలు గుర్తొచ్చారు. మళ్ళీ లే, మళ్ళీ లే అని వాడిని లేపిన తన గొంతు గుర్తొచ్చింది. పొద్దున ఈ గదిలోనే ధోవతి ఎత్తి నిలబడ్డ సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

సృజన ఏడవడం లేదు. అదే ఆయనను మరింత భయపెట్టింది. "ఎందుకు గిట్లయితది మేడం?" అని మాత్రం అడిగింది.

మమతారాణి ముత్యం దండ చేతిని చూపించింది. "మీ బాపు కండ ఎట్ల పెరిగిందో చెప్తా, అప్పుడు తెలుస్తది. కండ పోగుల పక్కపొంటి చిన్న చిన్న మూలకణాలు నిద్రపోతుంటయ్. బస్కీలు తీసినా, బరువెత్తినా పోగులు సన్నగ చిట్లుతయ్. అప్పుడు ఈ కణాలు లేస్తయ్. ఒకటి రెండైతది, రెండు నాలుగైతయ్. కొన్ని పోయి చిట్లిన పోగుల కలిసిపోతయ్, దాన్ని బాగుచేస్తయ్, మునుపటికంటె లావు చేస్తయ్. కొన్ని మాత్రం మల్ల వచ్చి తమ జాగల పండుకుంటయ్, ఇంకోసారి అక్కరపడ్తదని."

"బాయిల కప్పు కూలితే దిగే రెస్క్యూ టీం లెక్క" అన్నాడు ముత్యం. తను మాట్లాడుతున్నట్టు ఆయనకే తెలియలేదు.

"మీ బాయి రెస్క్యూ టీం లెక్కనే. గని బాబుకు పోగును గట్టిగ పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటి పుట్టుకతోనే లేదు. అందుకని మెట్టు దిగినా చిట్లుతది, ఉరికినా చిట్లుతది. రోజు కప్పు కూలుతుంటే టీం రోజు దిగాల్సిందే గదా. దిగీ దిగీ ఆ కణాలు దెబ్బతింటయ్, బాగుచేసుడు వాటితోని గాదు. అప్పుడు ఖాళీ అయిన జాగల కొవ్వు చేరుతది."

ఆమె అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది. బొగ్గు తీసేసిన చోట పైనేల కుంగకుండా ఇసుక నింపుతారు. ముత్యం ఆ పని కూడా చేశాడు. ఇసుక నింపిన ఆ సొరంగం నిండుగానే ఉంటుంది, చెయ్యి పెట్టి తోస్తే గట్టిగానే తగులుతుంది. కానీ బాయిలో పనిచేసిన ఏ మనిషీ దాన్ని చూసి ఇక్కడ బొగ్గుందని అనడు. తను అన్నాడు. అనడమే కాదు, వీధి వీధీ తిప్పి చూపించాడు.

"మేడం" అన్నాడు. "నేను వానితోని బస్కీలు తీపించిన. పొద్దుమాపు తీపించిన. దానితోని ఎంత పోయింది?"

"జబ్బు మీతోని రాలే" అంది డాక్టర్. "బస్కీలు తీయకున్నా ఇది ఆగేది గాదు. గని కూసొని లేసే కసరత్తు ఈ పిల్లల కండను మస్తు చిట్లిస్తది. ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. కొంచెం తొందర అయి ఉండొచ్చు."

ఉండొచ్చు. ఆ ఒక్క మాట ఆయన మీద బండలా పడింది. లేదు అని ఆమె అబద్ధమైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

"ఎన్నేండ్లు నడుస్తడు?" సృజన అడిగింది.

"మందులు మొదలుపెడ్దాం. మడిమెలు సాగదీసుడు నేర్పుతరు, రోజు చెయ్యాలె. మెట్లు, దుంకుడు, బస్కీలు బంద్. అలిసిపోకుంట నడువనియ్యాలె. గిట్ల చేస్తే ఇంకొన్నేండ్లు ఎక్కువ నడుస్తడు. తర్వాత బండి కుర్చీ అక్కరపడ్తది. మనం ఇప్పుడు కాపాడుకునేది ఆ కొన్నేండ్లనే అమ్మా. వాని కాళ్ళల్ల మిగిలిన కండను ఖర్చు కాకుంట చూసుకోవాలె."

ముత్యం కుర్చీలో ముందుకు జరిగాడు. "నావి తీసుకోండ్రి మేడం" అన్నాడు.

"ఏవి?"

"మీరు చెప్పినయే. నిద్రపోయేటియి. నా తొడలల్ల మస్తు ఉంటయ్. బొగ్గెత్తిన కాళ్ళు ఇవి, ఇగ నాకెందుకు. కోసి తీసి వానికి పెట్టుండ్రి. మత్తు గూడ ఇయ్యకుండ్రి, నేను కదల."

సృజన మొదటిసారి ఏడ్చింది. డాక్టర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ ఆలోచన పెద్ద పెద్ద దేశాల డాక్టర్లకు గూడ వచ్చింది పెద్దాయనా. తండ్రుల కండలకెల్లి ఈ కణాలు తీసి, పెంచి, పిల్లలకు సూదులతోని ఎక్కించిండ్రు. ఎక్కించిన కాడనే కొన్ని రోజులల్ల చాలామట్టుకు చచ్చిపోయినయ్. బతికినయి పక్క కండకు చేరుకోలే. ఇంక పని నడుస్తనే ఉన్నది, ఏదో ఒక దినం అయితదేమో. ఇప్పుడైతే లేదు. ఎవలన్న సూదులతోని నయం చేస్తమని చెప్తే నమ్మకుండ్రి, పిలగాడిని తిప్పకుండ్రి."

పోయేముందు ఆమె ఇంకో మాట అడిగింది. ఈ జబ్బు తల్లి వైపు నుంచి రావచ్చు కాబట్టి ఆ తరఫున ఎవరైనా మగపిల్లలు చిన్నప్పుడే నడక పోయినవాళ్ళు ఉన్నారా అని. ఉన్నా అది ఎవరి తప్పూ కాదని, ఊరికే తెలుసుకోవడానికని చెప్పింది. "మా ఇంట్ల గసువంటిది లేదు" అన్నాడు ముత్యం. అంత ఖాయంగా ఎలా అన్నాడో తర్వాత ఆయనకే అర్థం కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు గోదావరి వంతెన మీదికి రాగానే మన్విత్ కిటికీ దగ్గర నిలబడి నీళ్ళు చూస్తానన్నాడు. రోజూ అయితే ముత్యం వాడితో నీ కాళ్ళ మీద నువ్వే లే అనేవాడు. ఆ రోజు చంకల కింద చేతులు వేసి ఎత్తి నిలబెట్టాడు. వాడు వింతగా తాత ముఖం చూశాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. కొమురవ్వ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. సృజన పిల్లవాడిని లోపలికి తీసుకుపోయింది. ముత్యం భార్య పక్కన కూలబడి డాక్టర్ చెప్పినదంతా చెప్పాడు. పిక్కలే జబ్బట అని చెప్పేటప్పుడు ఆమె చేతులు ఆగాయి.

"మా లింగమూర్తియి గూడ గిట్లనే ఉండె" అంది కొమురవ్వ.

"ఏవి?"

"పిక్కలు." తల ఎత్తకుండానే అంది. "మా తమ్ముడు. నువ్వు చూడలే. నన్ను చేసుకునేటప్పటికే పోయిండు."

"గాలి సోకి పోయిండన్నరు గద."

"గాలి అనే అన్నరు. మా బాపు వాన్ని చంకనెత్తుకొని దర్గలకు తిప్పిండు, జాతరలకు తిప్పిండు. వాని పిక్కలు చూసి గూడ ఊరంత మురిసిండ్రు. పదేండ్లకే నడుచుడు బంద్ అయింది. మీసం రాకముందే పోయిండు."

ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, పక్కనే కూర్చున్న మనిషి, ముత్యానికి ఎవరో అపరిచితురాలిలా కనిపించింది. "నీకు ఎన్నటిసంది ఎరుక?" అని అడిగాడు.

"వాడు మునివేళ్ళ మీద నడువవట్టినప్పటిసంది దడ ఉన్నది."

"మరి చెప్పవైతివి."

"ఎవలికి చెప్పాలె? నువ్వు వాన్ని భుజం మీద కూసోవెట్టుకొని వాడకట్టంత తిప్పుతుంటివి. చెప్తే నా పుట్టింటి పీడ నా బిడ్డ కడుపుల పడ్డదంటరు. దుబాయ్‌ల ఉన్న అల్లుడు ఏమంటడో. తాత పోలికనేమో, నాదే పిచ్చేమోనని నేను గూడ అనుకోవాలని మస్తు చూసిన."

ముత్యం కోపం తెచ్చుకుందామనుకున్నాడు. రాలేదు. ఎలా వస్తుంది? ఆమె నోరు మూయించింది తన గొప్పే కదా. వాడి కాళ్ళ గురించి ఒక్క మాట అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకుండా చేసింది తనే కదా. చిక్కుడుకాయలు సగమే వలిచి ఉన్నాయి.

మర్నాడు పొద్దున ముత్యం తాలీంకు ఆలస్యంగా వెళ్ళాడు. పిల్లవాడికి ఏమని చెప్పాలో తేల్చుకోలేక ఆలస్యమైంది. ఆయన వెళ్ళేసరికే మన్విత్ లంగోటా కట్టుకుని గోదా అంచున నిలబడి ఉన్నాడు. ఎదురింటి పిల్లలతో కలిసి ముందే వచ్చేశాడు. గులాం నబీ ఎప్పటిలాగే కుర్చీలో ఉన్నాడు.

ముత్యం ఉస్తాద్ చెవిలో రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. ఆ ముసలాయన పిల్లవాడి కాళ్ళ వైపు చూశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ముత్యం గోదాలోకి దిగి మనవడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పయిల్వాన్, ఈ దినం సంది బస్కీలు లేవు" అన్నాడు.

"రేపు?"

"రేపు గూడ లేవు బిడ్డా. ఇగ ఎన్నడు తియ్యొద్దు."

"మరి కొబ్బరికాయ కుస్తీ?"

"నీకు కొబ్బరికాయ నేను తెచ్చిస్త."

మన్విత్ ముఖం మాడిపోయింది. తాలీం నుంచి పిల్లలను పంపేసేది ఎప్పుడో వాడికి తెలుసు. కష్టానికి ఓర్చుకోలేక ఏడ్చేవాళ్ళను, దొంగాటలు ఆడేవాళ్ళను పంపేస్తారు. వాడు తాత భుజం పట్టుకుని దగ్గరకు జరిగాడు.

"నేను మెట్ల మీద పడ్డనని ఎల్లగొడుతున్నవా తాతా? ఇగ పడ. నేను ఊకెనే లేను, మస్తు తీస్తున్న. బళ్ళె అన్నం బెల్లు కొట్టినంక అందరు ఆడుకోను పోతరు గదా, నేను గోడ పట్టుకోని బస్కీలు తీస్తున్న. అమ్మ బట్టలు పిండేటప్పుడు ఇంట్ల గూడ తీస్తున్న. నువ్వు చెప్పినదానికంటె ఎక్కువనే తీస్తున్న. కావాలంటే మా క్లాసు ఖైసర్‌ను అడుగు."

గోదా చుట్టూ ఉన్న పిల్లలు ఆడటం ఆపేశారు. గులాం నబీ కళ్ళు మూసుకున్నాడు. "ఎందుకు బిడ్డా?" అన్నాడు ముత్యం. "ఎవరు తియ్యమన్నరు?"

"ఎవలు అనలే. నీకు కుష్ అయితదని" అన్నాడు వాడు. తర్వాత ఇంకా నమ్మించాలనుకున్నాడేమో, గొంతు తగ్గించి, గొప్ప రహస్యం చెప్తున్నట్టు అన్నాడు. "రోజు కాళ్ళు మస్తు నొస్తున్నయ్ తాతా. ఏడుస్తలేను. నొస్తే కండ వస్తున్నట్టని పెద్ద పిల్లలు చెప్పిండ్రు. చూడు, ఇంకింత లావైనయ్."

వాడు ఒక కాలు ముందుకు పెట్టి పిక్క చూపించాడు. ముత్యం చెయ్యి చాపి, అంతలోనే ఆపుకున్నాడు. బొగ్గెత్తిన ఆ మనిషికి మనవడి కాలు తాకాలంటే మొదటిసారి భయమేసింది.